కారులోని కొలిమితిత్తి

కమ్మరి కొలిమిని చూడనివారు మన్యమున అరుదు. కమ్మరి తిత్తి నొక్కినంతసేపు బొగ్గులు ఎఱ్ఱగా రగులుచుండును. తిత్తి ఆగినచో నిప్పు నివురుగప్పును. నిప్పు ఉన్నంత మాత్రమున చాలదు. దానిని రగిల్చు గాలియు కావలెను. కారులోనికి వెచ్చదనమును, చల్లదనమును తెచ్చు యంత్రమునకును ఇట్టి తిత్తి యొకటి కలదు. దానిని బ్లోయరు అందురు. ఒక చిన్న విద్యుత్ మోటారు, దాని ఇరుసునకు బిగించిన రెక్కల చక్రము - అదియే బ్లోయరు. అది ఆగినచో వేసవిలో ఉక్కపోత కలుగునని అందరును ఎరుగుదురు. శీతకాలమున అంతకంటె గొప్ప ప్రమాదము కలుగునని నేను ఒక పుష్యమాసపు వేకువను తెలిసికొంటిని.

మాది అడ్డతీగల. మా యింట పాత కారొకటి ఉన్నది. నేనును, ఎనిమిదవ తరగతి చదువుచున్న నా మనుమడును రాజవొమ్మంగి, కొయ్యూరు మీదుగా చింతపల్లికి పోయి, ఆ రాత్రి బంధువుల యింట గడపి, మరునాడు చీకటితోనే నర్సీపట్నమునకు బయలుదేరితిమి. దారిలో లంబసింగి యున్నది. అది సముద్రమట్టమునకు సుమారు 1000 మీటర్ల ఎత్తున నున్న ఊరు. శీతకాలమున అచ్చట తెల్లవారుజామున పొగమంచు దట్టముగా క్రమ్మును.

ఘాటీ దిగుచుండగా కారు ముందరి అద్దమునకు తెల్లని తెర పట్టసాగినది. నేను బ్లోయరు మీట త్రిప్పితిని. ఆ మీటకు నాలుగు మెట్లు. మొదటి మూడును కొంతకాలముగా పనిచేయుట లేదు. నాల్గవ మెట్టున మాత్రము చక్రము తిరుగుచుండెడిది. ఆనాడు అదియు కీచుమని శబ్దము చేసి ఆగిపోయినది. రెండు నిమిషములలో అద్దము పూర్తిగా మసకబారినది. మలుపు ఆవల లారీ హారను వినవచ్చినది గాని, లారీ కానరాలేదు. నేను వెంటనే కిటికీ అద్దములు దించి, వేగము తగ్గించి, త్రోవ వెడల్పుగా నున్నచోట ఓరకు ఆపితిని. లారీ మా ప్రక్కనుండి మూరెడు ఎడములో సాగిపోయినది. నా మనుమడు నా చేయి పట్టుకొని చాలసేపు మాటాడలేదు.

ఎండ వచ్చువరకు అచ్చటనే నిలిచితిమి. ఆ దారిని వచ్చిన యొకడు చూచి, "ఫ్యూజు పోయినట్లున్నది. దాని స్థానమున ఒక రాగితీగె చుట్టుడు, సరిపోవును" అనెను. నేను సమ్మతింపలేదు. కారణము తరువాత చెప్పుదును.

"తాతయ్యా, బయటి మంచు కారు లోపలి అద్దమునకు ఎట్లు పట్టినది?" అని మనుమడు అడిగెను.

"అది బయటి మంచు కాదు నాయనా, మన ఊపిరియే" అంటిని.

మనము విడుచు ఊపిరిలో నీటియావిరి యుండును. వెచ్చని గాలి ఎక్కువ ఆవిరిని భరింపగలదు. చల్లని గాలి అంతగా భరింపలేదు. తలుపులు మూసిన కారులో మన ఊపిరి చల్లని అద్దమును తాకగానే దానిలోని ఆవిరి సన్నని నీటిబిందువులై అద్దమునకు అంటుకొనును. చల్లని నీరు పోసిన కంచుచెంబు వెలుపల చెమర్చుటకును కారణమిదియే. ఈ తెరను గుడ్డతో తుడిచినను మరల పట్టును. అది పోవలెనన్నచో అద్దము మీదికి పొడిగాలి, వీలైనచో వెచ్చని పొడిగాలి, ఎడతెగక వీచుచుండవలెను.

ఆ గాలి వచ్చు మార్గము తెలిసికొందము. ముందరి అద్దము అడుగున, వైపరుల దగ్గర, జల్లెడవంటి కంతలు కలవు. బ్లోయరు వానిగుండ బయటి గాలిని లోనికి పీల్చును. ఆ గాలి మొదట శీతలీకరణపు గొట్టముల చుట్టను, తరువాత హీటరును దాటి వచ్చును. హీటరనగా చిన్న రేడియేటరు వంటిది. ఇంజనును చల్లార్చి వేడెక్కిన నీరు దానిలో ప్రవహించుచుండును. అనగా ఇంజను వృథాగా విడుచు వేడియే మనకు చలికాచుకొనుటకు పనికివచ్చును. ఏసీ, హీటరు వేరువేరైనను, రెండింటికిని తిత్తి యొక్కటే. అది ఆగినచో రెండును ఉండియు లేనట్లే.

ఏసీకి గాలిని చల్లార్చుటయే గాక ఆరబెట్టుటయు పని. అసలు ఆ యంత్రము పుట్టినదే తేమను అదుపులో పెట్టుటకు. 1902లో అమెరికాలోని బ్రూక్లిన్ పట్టణమున ఒక ముద్రణాలయములో గాలిలోని తేమకు కాగితములు సాగుచు, కుంచించుకొనుచు ఉండెను. అందుచే రంగు మీద రంగు సరిగా అచ్చుపడదాయెను. విల్లిస్ క్యారియరు అను యువ ఇంజనీరు ఆ తేమను అరికట్టుటకు ఉపాయము కనిపెట్టెను. 1939లో ప్యాకార్డు కంపెనీ ఏసీ అమర్చిన కార్లను అమ్మకమునకు తెచ్చెను. కనుక అద్దము మసకబారినపుడు ఏసీని, హీటరును కలిపి నడుపుట వింత కాదు: ఒకటి గాలిని ఆరబెట్టును, రెండవది దానిని వెచ్చబరచును.

ఇంటికి చేరిన పిదప బ్లోయరును మేమే బాగుచేయ బూనితిమి. ఇంజను ఆపి, తాళపుచెవి తీసి, బ్యాటరీ నుండి ఋణధ్రువపు తీగెను ఊడదీసితిమి. విద్యుత్తుతో పనిచేయువారు మొట్టమొదట చేయవలసిన పని యిది. డ్యాష్‌బోర్డు క్రింద పసుపుపచ్చని తొడుగులు గల తీగెలు ఉన్నచో అవి ప్రాణరక్షకములగు గాలిసంచులకు సంబంధించినవి, వానిని తాకరాదు.

ముందుగా ఫ్యూజును చూచితిమి. దానిలోని సన్నని తీగె కరిగి తెగియున్నది. ప్రవాహము మితిమీరినపుడు తాను కరిగి తక్కిన తీగెలను కాపాడుట ఫ్యూజు ధర్మము. దాని స్థానమున రాగితీగె చుట్టినచో అది కరుగదు. దానికి బదులు డ్యాష్‌బోర్డు వెనుకనున్న తీగెలన్నియు వేడెక్కి, పైతొడుగులు కాలి, కారే అంటుకొనవచ్చును. అందుచే ఏ అంకె గల ఫ్యూజు పోయినదో ఆ అంకె గలదానినే వేయవలెను. అయితే ఫ్యూజు ఊరక కరుగదు. కరిగించినదేదో వెదకవలెను.

దీపావళి నాటికే మొదటి మూడు మెట్లు ఆగిపోగా, ఒక మరమ్మతు దుకాణమున చూపితిని. అచ్చటివారు రెసిస్టరు కాలినదని చెప్పి దానిని మార్చిరి. మూడు వారములు గడువకమునుపే క్రొత్తదియు కాలిపోయినది. నాల్గవ మెట్టు ఉన్నది గదా యని నేను ఉపేక్షించితిని. ఆ ఉపేక్షయే మమ్ము ఘాటీలో నిలిపినది.

రెసిస్టరనగా విద్యుత్ప్రవాహమును తగ్గించు చుట్టలు. మొదటి మూడు మెట్లకు ప్రవాహము దానిగుండ పోవును. నాల్గవ మెట్టున దానిని తాకక నేరుగా మోటారునకు పోవును. కావుననే రెసిస్టరు కాలినను నాల్గవ మెట్టు పనిచేయును. ప్రవాహము అడ్డగింపబడినచోట వేడి పుట్టును గనుక, ఆ చుట్టలు చల్లారుటకై వానిని బ్లోయరు గాలి వచ్చు దారిలోనే అమర్చుదురు.

ఎడమ సీటుకు ఎదురుగా కాగితములుంచు పెట్టెను తీసి, దాని వెనుకనున్న మూడు మరలు విప్పగానే మోటారు చక్రముతో సహా చేతికి వచ్చినది. చక్రమును వ్రేలితో త్రిప్పగా తిరుగలేదు. రెక్కల నడుమ ఎండిన చింతాకు, బూరుగుదూది, ఎలుక కూర్చుకొన్న గుడ్డపీలికలు గట్టిగా క్రిక్కిరిసి యున్నవి. నీడకొరకని నేను దినదినమును కారును నిలుపుచున్నది పెరటి చింతచెట్టు క్రిందనే! ఆ సన్నని ఆకులు అద్దము అడుగునున్న కంతలగుండ రాలి లోపలికి చేరినవి.

అప్పుడు మా పొరుగున నుండు వృద్ధ కమ్మరి యొకడు చూడవచ్చి, "మాష్టారూ, మా తిత్తికి ఊపిరి ఆడకుంటే, నొక్కే చేతికి నొప్పి. కొలిమికేమో గాలి చాలదు" అనెను. వ్యాధిమూలము అతని మాటలోనే యున్నది. చెత్త రాచుకొనుటచే చక్రము బరువెక్కినది. బరువు లాగు మోటారు ఎక్కువ ప్రవాహమును త్రాగును. ఆ ప్రవాహమంతయు రెసిస్టరుగుండ పోవలెను. దానిని చల్లార్చు గాలియో, తగ్గిపోయినది.

దీనిని లెక్కతో చూడుడు. ప్రవాహమును ప్రవాహముతో గుణించి, నిరోధముతో మరల గుణించినచో పుట్టు వేడి తెలియును. 1 ఓము నిరోధముగుండ 5 ఆంపియర్లు పోయినచో 25 వాట్ల వేడి పుట్టును. అదే ప్రవాహము 8 ఆంపియర్లయినచో 64 వాట్లు పుట్టును. ప్రవాహము రెట్టింపు కాకున్నను వేడి రెండున్నర రెట్లు మించినది! రెసిస్టరు కాలుటలో వింత యేమున్నది? చెత్త ఇంకను పేరుకొని చక్రము పట్టివేయగా, తుదకు ఫ్యూజు కరిగినది. రెసిస్టరును ఎన్నిసార్లు మార్చినను చెత్త తీయనంతకాలము అది కాలుచునే యుండును.

ముక్కునకు గుడ్డ కట్టుకొని మెత్తని కుంచెతో చక్రమును శుభ్రపరచితిమి. ఫ్యూజు గల తీగెలతో మోటారును బ్యాటరీకి కలిపి చూడగా సద్దులేక తిరిగినది. పిమ్మట క్రొత్త రెసిస్టరును, పాతదాని అంకె గల ఫ్యూజును అమర్చితిమి. గాలి కంతలపై లోపలివైపున సన్నని ఇనుపజాలి బిగించితిమి.

బ్లోయరు ఆగినపుడు లక్షణమును బట్టి మూలమును వెదకవచ్చును. ఏ మెట్టునను తిరుగనిచో ముందు ఫ్యూజును చూడవలెను. నాల్గవ మెట్టున మాత్రమే తిరిగినచో రెసిస్టరును, దానితోపాటు చక్రమును చూడవలెను. తట్టినపుడు తిరిగి మరల ఆగినచో మోటారులోని కార్బను బ్రష్షులు అరిగియుండవచ్చును. గాలి బలముగా వీచినను చల్లబడనిచో దోషము బ్లోయరుది కాదు. అపుడు ఏసీ గొట్టములను ఇంట విప్పరాదు. వానిలోని వాయువు మిక్కిలి ఒత్తిడితో నుండును. అది చర్మమును, కన్నులను గాయపరచును. వేడిగానున్న రేడియేటరు మూతను తీయుటయు అట్టి ప్రమాదమే. ఆ పనులు తెలిసినవారికి విడువవలెను. బాలురు ఇట్టి మరమ్మతులను పెద్దల సమక్షముననే చేయవలెను.

మరునాటి వేకువను మనుమడు కారులో కూర్చుండి అద్దము మీద గట్టిగా ఊపిరి విడిచెను. తెల్లని మరక పట్టినది. మీటను మొదటి మెట్టునకు త్రిప్పెను. మరక అంచులనుండి కరుగుచు, చూచుచుండగనే మాయమైనది.

"తాతయ్యా, రెసిస్టరు తప్పేమియు లేదు గదా!" అనెను.

"లేదు నాయనా. అది రెండుసార్లు కాలి మనకు చెప్పినది. నేనే వినలేదు" అంటిని.

ఇపుడు కారును చింతచెట్టుకు దూరముగా నిలుపుచున్నాము. నెలకొకమారు జాలిమీది ఆకులను ఏరివేయు పని నా మనుమనిది.