జెట్టుకీ సూదికీ నడుమ ఖాళీ

పాత కారు కార్బురేటర్‌ను 'ఓవరాలింగ్' చేయించామంటే మన షెడ్లలో జరిగే పని చాలావరకు ఒకటే. విప్పుతారు, పెట్రోల్‌లో కడుగుతారు, కంప్రెసర్‌తో గాలి కొడతారు, కిట్‌లో వచ్చిన గాస్కెట్లు వేసి బిగిస్తారు, స్క్రూ తిప్పి స్లో సెట్ చేస్తారు. బండి స్టార్టవుతుంది కాబట్టి పని అయిందనుకుంటారు. రెండు నెలలు గడవకముందే పొగ, మైలేజీ లేకపోవడం, సిగ్నల్ దగ్గర ఆగిపోవడం మళ్ళీ మొదలు. దీనికి కారణం మెకానిక్ చేతకానితనం కాదు, కార్బురేటర్ అంటే ఏమిటన్న అవగాహనలో ఉన్న లోపం. కార్బురేటర్ అన్నింటికన్నా ముందు ఒక కొలత పరికరం. కొలత పరికరంలో పాడయ్యేవి కొలతలే. వాటిని తిరిగి నిలబెట్టకుండా ఎంత కడిగినా అది శుభ్రమైన తప్పుడు త్రాసుగానే మిగులుతుంది. ఈ మాటను రుజువు చేయడానికి ఎస్‌యూ కార్బురేటర్‌ను మించిన సాక్ష్యం లేదు. మోరిస్ మైనర్ నుంచి జాగ్వార్ దాకా బ్రిటిష్ కార్లను దశాబ్దాలపాటు నడిపింది ఇదే. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌కు మన గడ్డమీద వారసుడైన అంబాసిడర్‌కూ 1489 సీసీ ఇంజన్‌తో పాటు ఇది వచ్చింది.

ముందు ఆ యంత్రం పరిష్కరించిన చిక్కును చూడాలి. ఇంజన్ పీల్చే గాలి ఇరుకైన గొంతులోంచి వెళ్ళేటప్పుడు వేగం పుంజుకుంటుంది, అక్కడ పీడనం పడిపోతుంది, ఆ లాగుడుకు జెట్‌లోంచి పెట్రోల్ పైకొస్తుంది. ఇంతవరకు బడి పాఠమే. అసలు ఇబ్బంది ఏమిటంటే, గొంతు వెడల్పు మారకపోతే లాగుడు గాలి వేగానికి వర్గంగా మారుతుంది. గాలి పది రెట్లయితే లాగుడు వంద రెట్లు. ఫుల్ త్రాటిల్‌కు సరిపోయే గొంతు పెడితే, స్లోలో మిగిలే లాగుడు పెట్రోల్‌ను జెట్ అంచు దాకా లేపడానికే చాలదు. స్లోకు సరిపోయేలా గొంతు ఇరుకు చేస్తే, వేగంలో ఇంజన్‌కు ఊపిరాడదు. సోలెక్స్, జెనిత్, వెబర్ వంటివన్నీ ఈ చిక్కును అతుకులతో దాటాయి. స్లోకు ఒక జెట్, మెయిన్ జెట్ ఒకటి, వేగం పెరిగితే మిశ్రమం చిక్కబడకుండా గాలి కలిపే దారి ఒకటి, యాక్సిలరేటర్ తొక్కగానే పెట్రోల్ చిమ్మే చిన్న పంపు ఒకటి. అవి చెడ్డ కార్బురేటర్లు కావు. కానీ వాటిలో ప్రతి దారీ ఇంకో దారి లోపాన్ని సరిదిద్దడానికి పుట్టినదే.

ఎస్‌యూ సృష్టికర్త జార్జ్ హెర్బర్ట్ స్కిన్నర్ 1905 ప్రాంతంలో ఈ లెక్కను తలకిందులు చేశాడు. లాగుడు మారితే దాని వెంట పరుగెత్తడం ఎందుకు, లాగుడునే స్థిరంగా ఉంచి గొంతు వెడల్పును మార్చితే సరిపోదా అన్నది అతని ఆలోచన. గాలి దారికి అడ్డంగా ఒక పిస్టన్ నిలువుగా దిగి ఉంటుంది. దాని పైభాగం వెడల్పైన పళ్ళెంలా విచ్చుకుని, గంటలాంటి చాంబర్‌లో పైకీ కిందికీ ఆడుతుంది. పళ్ళెం కింద బయటి గాలి పీడనం. పైన, పిస్టన్‌లోని రంధ్రం గుండా, గొంతులోని తగ్గిన పీడనం. ఈ రెండింటి తేడా పిస్టన్‌ను లేపుతుంది, దాని బరువూ ఒక మెత్తని స్ప్రింగూ దాన్ని దించుతాయి. బరువు మారదు, పళ్ళెం వైశాల్యం మారదు. కాబట్టి పిస్టన్ ఎక్కడ తేలుతున్నా గొంతులోని లాగుడు దాదాపు ఒక్కటే. ఇంజన్ రెట్టింపు గాలి అడిగితే గొంతు రెట్టింపు తెరుచుకునే దాకా పిస్టన్ లేస్తుంది, అక్కడ నిలుస్తుంది. అంటే పిస్టన్ ఎత్తే గాలి కొలత. ఇక పెట్రోల్ కోసం పిస్టన్ అడుగున ఒక సన్నని సూది, కిందికి పోనుపోను మరింత సన్నబడేలా చెక్కి, జెట్ రంధ్రంలో వేలాడుతుంది. పిస్టన్ లేచినకొద్దీ సూది సన్నని భాగం జెట్ నోటికి వస్తుంది, చుట్టూ ఖాళీ పెరుగుతుంది, ఆ మేరకు పెట్రోల్ వస్తుంది. ఒకటే జెట్, ఒకటే సూది, స్లో నుంచి టాప్ స్పీడు దాకా. తర్వాతి రోజుల్లో వచ్చిన చేర్పు ఇంకా ముచ్చటైనది: పిస్టన్ కాడ లోపల కాస్త నూనె, అందులో ఒక డ్యాంపర్. యాక్సిలరేటర్ గబుక్కున తొక్కితే నూనె పిస్టన్‌ను చటుక్కున లేవనివ్వదు. ఆ క్షణం సేపు గొంతు ఇరుకుగానే ఉండి, లాగుడు పెరిగి, మిశ్రమం చిక్కబడుతుంది. వేరే కార్బురేటర్లు పంపు పెట్టి చేసే పనిని ఇది నాలుగు చుక్కల నూనెతో చేస్తుంది.

స్కిన్నర్‌ది చెప్పుల వ్యాపార కుటుంబం. మొదటి నమూనాలో పిస్టన్ లేదు, తోలుతిత్తి ఉంది. తోలు ఎండుతుంది, చిరుగుతుంది కాబట్టి దాని చోటును లోహపు పిస్టన్ ఆక్రమించింది. 1910లో కంపెనీ, 1926లో మోరిస్ చేతికి. 1960లలో స్ట్రామ్‌బెర్గ్ సీడీ అనే పోటీదారు ఇదే సూత్రంతో వచ్చి, పిస్టన్ చుట్టూ పల్చని రబ్బరు పొరను బిగించింది. ఒక విధంగా తోలుతిత్తికే తిరిగివెళ్ళింది. రబ్బరు పొర చిరిగితే పది నిమిషాల్లో మార్చుకోవచ్చు, నిజమే. కానీ పాత కారు దృష్టితో చూస్తే నా ఓటు లోహానికే. రబ్బరు నడిపినా నడపకపోయినా ముసలిదవుతుంది. ఒకదాన్నొకటి తాకకుండా ఆడేలా తయారైన లోహపు భాగాలు అరవై ఏళ్ళ తర్వాతా అదే కొలత చూపగలవు.

ఇప్పుడు అరుగుదల లెక్కకు వద్దాం. చిన్న ఎస్‌యూలలో జెట్ రంధ్రం వ్యాసం అంగుళంలో వెయ్యికి 90 వంతులు, అంటే సుమారు 2.29 మిల్లీమీటర్లు. స్లోలో జెట్ నోటి దగ్గర ఉండే సూది మందం వెయ్యికి 85 వంతులు అనుకుందాం. పెట్రోల్ రావడానికి మిగిలిన వలయం వైశాల్యం 0.44 చదరపు మిల్లీమీటర్లు. ఇప్పుడు జెట్ వెయ్యోవంతు అంగుళం అరిగిందనుకోండి. అది 0.025 మిల్లీమీటర్లు, కంటికి ఆననిది. వలయం 0.53 దాటుతుంది. స్లోలో పెట్రోల్ దారి ఇరవై శాతం పెరిగిందన్నమాట! అదే ఫుల్ త్రాటిల్‌లో సూది మందం 60 వంతులైతే, అంతే అరుగుదలకు పెరిగేది నాలుగు శాతమే. రోడ్డు మీద బాగా లాగే బండి సిగ్నల్ దగ్గర నల్లపొగ వదిలి ఎందుకు తడబడుతుందో ఈ రెండు అంకెలే చెబుతాయి. జెట్‌ను పెట్రోల్‌లో నానబెడితే ఈ ఇరవై శాతం తగ్గదు.

జెట్ కింద మిశ్రమం సర్దే నట్టు ఉంది కదా, దాన్ని రెండు పలకలు తిప్పి జెట్‌ను పైకి లేపితే సరిపోదా అని ఎవరైనా అడగొచ్చు. సరైన ప్రశ్నే. జెట్ అన్ని వైపులా గుండ్రంగా, సమానంగా అరిగితే, సూది వాలు ఒకే తీరున ఉంటే, నట్టు చాలావరకు సర్దుబాటు చేస్తుంది కూడా. కానీ అరుగుదల అలా జరగదు. సూది కాస్త పక్కకు ఒరిగి ఒకవైపే రాసుకుంటుంది, జెట్ నోరు కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. బండి ఎక్కువ కాలం నడిచిన వేగం దగ్గర సూది మీద మెరిసే గీత పడి అక్కడ మాత్రమే సన్నబడుతుంది. నట్టు జెట్‌ను మొత్తంగా జరపగలదు గానీ సూది ఆకారాన్ని బాగుచెయ్యలేదు. అరుగుదల బాగా ముదిరితే నట్టు పూర్తిగా పైకి బిగిసిపోయినా మిశ్రమం చిక్కగానే ఉంటుంది. అప్పుడు తిప్పడానికింకేమీ మిగలదు. సూది మందాన్ని ఎనిమిదోవంతు అంగుళానికి ఒకచోట చొప్పున, అంగుళంలో పదివేలవంతు దాకా పట్టికల్లో ఇచ్చారంటే అది తయారీదారు చాదస్తం కాదు, ఆ వంకరే ఆ ఇంజన్ తిండి చిట్టా. సూదినీ జెట్‌నూ జతగా మార్చాలి, జెట్‌ను సూదికి నడుమకు తేవాలి. పిస్టన్‌ను వేలితో ఎత్తి వదిలితే 'టక్' మని లోహం శబ్దంతో అడుగు తాకాలి. మెత్తగా దిగితే సూది ఎక్కడో రాసుకుంటోంది.

ఇంతకన్నా మోసకారి త్రాటిల్ షాఫ్ట్. షాఫ్ట్ ఉక్కుదో ఇత్తడిదో అయితే బాడీ మెత్తటి లోహం. కేబుల్ లాగుడూ స్ప్రింగ్ లాగుడూ ఏళ్ళ తరబడి పడి రంధ్రం కోలగా అరుగుతుంది, దాని పక్కనుంచి గాలి దూరుతుంది. ఆ గాలి పిస్టన్ దాటాక వస్తుంది, అంటే కొలత తప్పించుకుని వస్తుంది. స్లోలో త్రాటిల్ అవతల శూన్యం గట్టిగా ఉంటుంది, పీల్చే మొత్తం గాలే తక్కువ, కాబట్టి ఈ దొంగ గాలి వాటా పెద్దది. ఇంజన్ నీరసించి ఆగిపోతుంది. మెకానిక్ నట్టు తిప్పి జెట్‌ను దించుతాడు, స్లో నిలుస్తుంది. కానీ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఆ శూన్యం తగ్గి దొంగ గాలి దాదాపు మాయమవుతుంది. దించిన జెట్ మాత్రం దించినట్టే ఉంటుంది. రోడ్డు పొడుగునా అదనపు పెట్రోల్ తాగడం అక్కడ మొదలవుతుంది. స్లో తిరుగుతున్న ఇంజన్‌కు షాఫ్ట్ కొసల దగ్గర రెండు చుక్కలు నూనె వెయ్యండి. ఇంజన్ తీరు మారితే గాలి అక్కడినుంచే వస్తోంది. దీనికి మందు కిట్‌లో లేదు, లేత్ షాపులో ఉంది. రెండు వైపుల రంధ్రాలనూ ఒకే గీతలో రీమర్ చేసి, బుష్‌లు కొట్టి, కొత్త షాఫ్ట్ వెయ్యాలి. గీత వెంట్రుకంత తప్పినా త్రాటిల్ బిళ్ళ సరిగా మూసుకోదు.

చాంబరూ పిస్టనూ మాత్రం అరిగేవి కావు, మనం చేతులారా పాడుచేసేవి. అవి తయారీలోనే జతకట్టినవి, ఇంకో కార్బురేటర్ చాంబర్‌తో మార్చకూడదు. మెరవాలని ఎమెరీ కాగితం పెట్టి రుద్దితే వాటి నడుమ ఉండాల్సిన సన్నని ఖాళీ పెరిగి గాలి కారిపోతుంది, పిస్టన్ లేవాల్సినంత లేవదు. థిన్నర్, మెత్తటి గుడ్డ చాలు. జత బాగుందో లేదో తేల్చే పరీక్ష కూడా ఉంది. పిస్టన్ రంధ్రాలు మూసి, తలకిందులుగా పట్టుకుని చాంబర్‌ను జారనిస్తే, సైజును బట్టి సుమారు 3 నుంచి 7 సెకన్లలో దిగాలి. గబుక్కున పడితే ఎవరో రుద్దేశారని అర్థం.

సూది, జెట్, షాఫ్ట్, సీళ్ళు అన్నీ మార్చాక అది పాత కార్బురేటర్ ఎలా అవుతుందన్నది ఇంకో అభ్యంతరం. అసలు డిజైన్‌లోనే ఇవి అరిగేందుకు పెట్టిన భాగాలు. ఇంగ్లండులోని సాలిస్‌బరీలో బర్లెన్ సంస్థ నేటికీ వీటిని తయారు చేస్తోంది. మన పంపుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్ వచ్చాక పాత రబ్బరు ఉబ్బుతోంది, ఆగిన బండి ఫ్లోట్ చాంబర్‌లో తేమ చేరి తెల్లటి తుప్పు కడుతోంది. అక్కడ ఇథనాల్‌కు తట్టుకునే సీళ్ళు వేయడం అసలుదనానికి ద్రోహమేమీ కాదు. తీసి ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టేస్తే పోదా అనేవారికీ జవాబుంది. రోజూ ఆఫీసుకు నడపాలంటే పెట్టుకోవచ్చు. కానీ స్కిన్నర్ సూత్రం చచ్చిపోయిందని మాత్రం అనుకోవద్దు. 2020లో బీఎస్-6 వచ్చేదాకా మన రోడ్ల మీద తిరిగిన ఎన్నో బైకుల్లోని సీవీ కార్బురేటర్‌దీ ఇదే సూత్రం.

చివరగా ట్యూనింగ్. బాడీ పక్కన పిస్టన్‌ను ఎత్తే చిన్న పిన్ను ఉంటుంది. ఇంజన్ వేడెక్కాక, స్లోలో ఉండగా, దాన్ని మిల్లీమీటరు కన్నా తక్కువ ఎత్తాలి. వేగం పెరిగి అలాగే నిలిస్తే మిశ్రమం చిక్కన, ఇంజన్ ఆగిపోబోతే పల్చన, క్షణం పెరిగి మళ్ళీ సర్దుకుంటే సరిపోయింది. ఈ పరీక్ష స్లో గురించి మాత్రమే చెబుతుంది. తక్కిన వేగాలన్నింటి గురించి దాన్ని నమ్మాలంటే సూదికి తన ఆకారం ఉండాలి, షాఫ్ట్ పక్కన గాలి దూరకూడదు. అందుకే బుష్‌ల పని ముందు, సూదీ జెట్టూ తర్వాత, నట్టు ఆఖరున.