జకాత్ లెక్కలో వాయిదా అప్పులు

నగదు, సరుకు కలిపి 8,00,000 రూపాయలున్న ఒక వర్తకుణ్ణి తీసుకుందాం. అతడు దుకాణపు కట్టడాన్ని వడ్డీ లేకుండా వాయిదాల మీద కొన్నాడు. ఇంకా 12,00,000 రూపాయలు, ఏటా 1,20,000 చొప్పున పదేళ్ళు చెల్లించవలసి ఉన్నది. జకాత్ లెక్కలో బాకీ మొత్తాన్ని తీసివేస్తే జకాత్ ఏమీ రాదు. ఈ ఏటి వాయిదా మాత్రమే తీసివేస్తే, మిగిలిన 6,80,000 మీద నూటికి రెండున్నర చొప్పున 17,000 రూపాయలు పేదల హక్కుగా నిలుస్తుంది.

అప్పును గడువుతో సహా వ్రాసుకోవలెనని దివ్య ఖుర్ఆన్ (2:282) ఆదేశించింది. బ్యాలెన్సు షీటు వ్రాసేవారు కూడా గడువునే చూస్తారు. ఆ తేదీ నుండి పన్నెండు నెలలలోపు తీర్చవలసినది ప్రస్తుత అప్పు. అంతకు పైబడి ఆపుకొనే హక్కు ఉన్నది దీర్ఘకాలిక అప్పు. అప్పు మొదట ఎన్నేళ్ళకు తీసుకున్నారన్నది ముఖ్యం కాదు. పదేళ్ళ బాకీలో రాబోయే ఏటి వాయిదా ప్రస్తుత అప్పే. ఋణగ్రస్తుడు షరతు తప్పినందువల్ల మొత్తం వెంటనే అడిగే హక్కు ఋణదాతకు ఆ తేదీనాటికే వచ్చి ఉంటే, అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం బాకీ అంతా ప్రస్తుత అప్పే అవుతుంది.

ఇక ఫిఖహ్ విషయం. షాఫియీ మజ్‌హబ్‌లో ప్రబలమైన అభిప్రాయం ప్రకారం అప్పు జకాత్‌ను ఆపదు. హనఫీలు అప్పును తీసివేస్తారు. అయితే గడువున్న అప్పుల విషయంలో వారిలోనే భేదాభిప్రాయం ఉన్నది. వెనుకటి పండితులు దీనిని మహర్ సందర్భంలో చర్చించారు. భార్య అడగని, భర్త ఇచ్చే ఉద్దేశమే లేని వాయిదా మహర్‌ను చూపి జకాత్ ఎగవేయడం ఏ పాటి న్యాయం? నేటి పండితులు పలువురు దీర్ఘకాలిక బాకీలలో ఆ ఏటి వాయిదానే తీసివేయమంటారు.

ఖర్జె హసనా సంగతి వేరు. ఐదేళ్ళకని బావమరిది ఇచ్చిన చేబదులైనా, హనఫీ మజ్‌హబ్‌లో ఆ గడువు ఇచ్చినవాణ్ణి బంధించదు. అతడు ఎప్పుడైనా అడగవచ్చు. కనుక దానిని ప్రస్తుత అప్పుగానే ఎంచడం సబబు. మాలికీలు మాత్రం గడువుకు కట్టుబడాలంటారు.

తేదీలనూ గమనించాలి. మన దేశంలో బ్యాలెన్సు షీటు సాధారణంగా మార్చి 31న ముగుస్తుంది. జకాత్ సంవత్సరం చాంద్రమానం, సుమారు 354 రోజులు. మార్చి పట్టీలోని అంకెను రమజాన్‌లో అట్లాగే వాడితే, ఈలోగా తీర్చిన వాయిదాను మరల తీసివేసినట్లవుతుంది.