గోడౌన్‌లో పుట్టిన పాట: డీజే అంటే ఎవరు?

ఈసారి ఉగాది కార్యక్రమానికి డీజేని పెట్టాలని మా షోలాపూర్ సంఘంలో యువకులు అడిగారు. పెద్దలు ఒప్పుకోలేదు. చెవులు పగలగొట్టుకోవడానికి చందా ఎందుకివ్వాలని ఒకాయన లేచి వెళ్లిపోయారు. "బాబాయ్, అన్నీ మీ పాటలే. మా పాట ఎక్కడ?" అని ఒక అబ్బాయి నన్నే అడిగాడు. ఆ రోజు మినిట్స్ రాస్తుంటే ఒక సంగతి తట్టింది. కావాలన్నవాళ్లకూ వద్దన్నవాళ్లకూ డీజే అంటే ఏమిటో సరిగ్గా తెలియదు. నాకూ తెలియదు. తర్వాత కూర్చుని తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

డీజే అంటే డిస్క్ జాకీ, అంటే రికార్డులు వేసే మనిషి. మన పెళ్లిళ్లలో మైకుసెట్టు అతను గుర్తున్నాడు కదా? తెల్లవారుజామున భక్తిపాట, భోజనాల వేళ సినిమా పాట, అప్పగింతలప్పుడు ఏడిపించే పాట వేసేవాడు. ఎప్పుడు ఏ ప్లేటు వేయాలో అతనికి ఎవరూ చెప్పనక్కరలేదు. డీజే పనికి మూలం కూడా అదే: ఎదుట ఉన్న జనాన్ని చూసి తర్వాతి పాట ఎంచుకోవడం. ఆ పనిని ఒక కళగా నిలబెట్టినవాళ్లలో ముందు చెప్పుకోవలసిన పేరు ఫ్రాంకీ నకిల్స్.

ఆయన 1955లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో పుట్టిన నల్లజాతి మనిషి. 1977లో షికాగోలో రాబర్ట్ విలియమ్స్ అనే ఆయన ఒక క్లబ్బు తెరుస్తూ రికార్డులు వేయడానికి పిలిస్తే అక్కడికి వెళ్లారు. సౌత్ జెఫర్సన్ వీధిలో 206వ నంబరు, పారిశ్రామిక ప్రాంతంలో ఒక పాత మూడంతస్తుల కట్టడం. దానికి వచ్చిన పేరు వేర్‌హౌస్, మన మాటలో గోడౌన్. అక్కడ మద్యం అమ్మేవారు కాదు, మంచినీళ్లూ పళ్లరసమే. శనివారం రాత్రి మొదలైన ఆట ఆదివారం పొద్దెక్కేదాకా సాగేది. వచ్చేవాళ్లలో ఎక్కువమంది నల్లజాతి, లాటిన్ అమెరికా మూలాల గే యువకులు. ఊళ్లో మిగతా చోట్ల వాళ్లకు ఆదరణ లేదు. బెదురు లేకుండా ఒక రాత్రి గడపగలిగే చోటు వాళ్లకు అది.

పని ఎలా చేసేవారో చెప్పాలి. రెండు టర్న్‌టేబుళ్లు, మధ్యలో మిక్సరు, చెవికి హెడ్‌ఫోను. ఒక ప్లేటు జనానికి వినబడుతుంటే రెండోది డీజే చెవిలో మాత్రమే తిరుగుతుంది. మొదటి పాట నిమిషానికి 120 దెబ్బల లయలో, రెండోది 124లో ఉన్నాయనుకోండి. అలాగే వదిలితే తాళం తప్పుతుంది. అందుకే రెండో ప్లేటు వేగాన్ని మూడు శాతానికి కాస్త పైగా తగ్గించాలి. 1979లో వచ్చిన టెక్నిక్స్ ఎస్ఎల్-1200 ఎంకే2 మోడల్‌కు ఇందుకోసమే పక్కన జరిపే మీట ఉంది. దానితో వేగాన్ని ఎనిమిది శాతం వరకు పెంచవచ్చు, తగ్గించవచ్చు. రెండు లయలూ కలిశాక ఒకదాన్ని తగ్గిస్తూ రెండోదాన్ని పెంచుతారు. పాట మారిన చోటు ఆడేవాళ్ల కాలికి తెలియకూడదు. కాలు ఆగితే డీజే ఓడినట్టే. నకిల్స్ ఇంకో అడుగు ముందుకు వేశారు. పాటను టేపు మీదికి ఎక్కించి, ఆ టేపును కోసి అతికించి, జనానికి నచ్చిన భాగాన్ని ఎంతసేపు కావాలంటే అంతసేపు సాగదీసేవారు. తర్వాతి రోజుల్లో రోలాండ్ టీఆర్-909 అనే డ్రమ్ము యంత్రాన్ని కూడా రికార్డులతో కలిపి వాడారు.

ఇంత శ్రమకు ఒక కారణముంది. 1979 జులై 12న షికాగో బేస్‌బాల్ మైదానంలో ఒక తమాషా జరిగింది. ఒక డిస్కో రికార్డు తెస్తే 98 సెంట్లకే టికెట్టు ఇచ్చారు. రెండు ఆటల మధ్య ఆ రికార్డులను పెట్టెలో పోసి పేల్చేశారు. జనం మైదానంలోకి దూకడంతో రెండో ఆట జరగనే లేదు. ఆ తర్వాత పెద్ద కంపెనీలు డిస్కో నుంచి తప్పుకున్నాయి. నల్లజాతివాళ్లూ గే మనుషులూ ప్రాణంగా చూసుకున్న పాటను నడిమైదానంలో పేల్చినట్టయింది. కొత్త ప్లేట్లు తగ్గిపోతే ఉన్నవాటినే కోసి, అతికించి, లయ జోడించి కొత్తగా వినిపించక తప్పలేదు. తమ సంగీతం డిస్కో తీర్చుకున్న పగ అని నకిల్స్ అనేవారు.

వేర్‌హౌస్‌లో వేసే రికార్డులు కావాలని జనం దుకాణాలకు వెళ్లి అడిగేవారు. ఆ పేరు కుదించుకుపోయి చివరికి 'హౌస్' మిగిలింది. నేడు ప్రపంచమంతా హౌస్ మ్యూజిక్ అంటున్నది ఈ గోడౌన్ పేరే.

అక్కడి నుంచి అది ఇంగ్లండుకు వెళ్లింది. 1987 జనవరిలో షికాగోకు చెందిన స్టీవ్ 'సిల్క్' హర్లీ పాట బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. అదే సంవత్సరం నకిల్స్ కూడా లండన్‌లో కొంతకాలం రికార్డులు వేశారు. 1988 వేసవికల్లా ఖాళీ గోడౌన్లలో, పొలాల్లో తెల్లవార్లూ వేలమంది ఆడే సభలు మొదలయ్యాయి. వాటినే రేవ్ అన్నారు.

పెద్దల భయం ఉత్తదేమీ కాదు. ఆ సభల్లో ఎక్స్‌టసీ అనే మత్తుమందు బాగా తిరిగింది, దానివల్ల ప్రాణాలూ పోయాయి. చుట్టుపక్కలవాళ్లకు నిద్ర ఉండేది కాదు. 1994లో బ్రిటన్ పార్లమెంటు చట్టం చేసి, రాత్రిపూట ఆరుబయట జరిగే ఇలాంటి సభలను ఆపే అధికారం పోలీసులకు ఇచ్చింది. మళ్లీ మళ్లీ వచ్చే దెబ్బల వరుస కూడా సంగీతం కిందికే వస్తుందని ఆ చట్టంలోనే రాశారు. లయకు నిర్వచనం చట్టంలోకి ఎక్కడం అరుదు.

నకిల్స్‌కు గుర్తింపు ఆలస్యంగానైనా వచ్చింది. 1998లో రీమిక్సులకు గ్రామీ అవార్డు ఇచ్చారు. 2004లో షికాగో నగరం వేర్‌హౌస్ ఉన్న వీధిభాగానికి గౌరవంగా ఆయన పేరు పెట్టింది. 2014లో మధుమేహం వల్ల వచ్చిన జబ్బులతో, 59వ ఏట ఆయన పోయారు. ఆయన రికార్డులు, సుమారు 5,000, ఇప్పుడు స్టోనీ ఐలండ్ ఆర్ట్స్ బ్యాంకులో ఉన్నాయి. 1923లో కట్టి తర్వాత పాడుబడ్డ బ్యాంకు కట్టడమది. థియస్టర్ గేట్స్ అనే కళాకారుడు దాన్ని నగరపాలక సంస్థ నుంచి ఒక్క డాలరుకు తీసుకుని బాగుచేయించారు. వేర్‌హౌస్ కట్టడాన్ని కూడా 2023లో నగరం రక్షిత కట్టడంగా ప్రకటించింది.

ఇది చదివాక మా సంఘం బీరువా గుర్తుకొచ్చింది. పాత ఉగాది హరికథలు, పిల్లల పద్యాలు, మగ్గం పని చేసినవాళ్లు పాడిన పాటలు ఒకప్పుడు అందులో క్యాసెట్లలో ఉండేవి. వెల్ల వేయించినప్పుడు ఎవరో చెత్తలో వేశారు. ఎవరని అడిగి లాభం లేదు, తాళం చెవి నా దగ్గరే ఉండేది. పరాయి గడ్డ మీద మూడు, నాలుగు తరాలుగా ఉంటున్న మనకు గొంతు మిగలాలంటే రెండు కావాలి. పిల్లలు బెదురు లేకుండా వచ్చే గది ఒకటి, వాళ్లు వెనక్కి తిరిగి వినడానికి పెట్టె ఒకటి. షికాగోవాళ్లు ఆ రెండూ కాపాడుకున్నారు. మనం రెండోది పోగొట్టుకుని, మొదటిదాని గురించి తగువు పడుతున్నాం.

వచ్చే సమావేశంలో నేను పెట్టబోయే తీర్మానం ఇది. ఉగాది సాయంత్రం పిల్లలకు ఒకటిన్నర గంట ఇద్దాం. రాత్రి పదింటి తర్వాత లౌడ్‌స్పీకరు ఎలాగూ నిషేధం, తొమ్మిదిన్నరకే ఆపేద్దాం. షరతు ఒక్కటే. ఆ గంటన్నరలో ఒక్క పాటైనా మన ఇళ్ల అటకల మీది పాత ప్లేటు నుంచో క్యాసెట్టు నుంచో తీసి వాళ్లు కలపాలి. మీ ఇంట్లో అలాంటివి ఉంటే పారేయకండి. మీ ఊరి సంఘానికి ఇచ్చి, రసీదు తీసుకోండి.