అపార్ట్‌మెంటు గేటుకు జవాబుదారీ ఎవరు?

గోదావరి ఒడ్డున వేదవిద్యకు పేరుపొందిన మంథనిని మంత్రపురి అని కూడా పిలుస్తారు. వీధి పేరు చెబితే కులం పేరు చెప్పినట్టే అయిన కాలం అక్కడ ఉండేది. అగ్రహారం ఒక దిక్కు, మాల మాదిగ వాడలు మరో దిక్కు. ఇది మంథని ఒక్కదాని కథ కాదు, తెలంగాణ పల్లెలన్నిటి పటం ఇదే. చదువుకున్న దళితుడు కరీంనగర్‌లోనో హైదరాబాద్‌లోనో బ్యాంకు రుణంతో ఫ్లాటు కొంటే ఆ పటం చెరిగిపోతుందని మనం ఆశించాం.

అది పూర్తిగా చెరగలేదు. ఇల్లు అద్దెకు వెతికే నా విద్యార్థులకు ముందుగా ఎదురయ్యేది అద్దె ఎంతన్న మాట కాదు, ఇంటిపేరేమిటన్న ప్రశ్న. తర్వాతది మాంసం తింటారా అని. యజమాని ఒప్పుకున్నా ‘అసోసియేషన్ ఒప్పుకోదు’ అన్న మాట వినిపిస్తుంది. ఢిల్లీ పరిసరాల్లో సుఖదేవ్ థోరట్ బృందం చేసి 2015లో ప్రచురించిన అధ్యయనం కూడా దళితులకు, ముస్లిములకు అద్దె ఇల్లు దొరకడం ఎంత కష్టమో నిరూపించింది. ఇంటి పనివారు, డెలివరీ కార్మికులు వేరే లిఫ్టు వాడాలన్న నోటీసులు ఇదే చూపుకు మరో రూపం.

అసోసియేషన్ చిన్న సంస్థేమీ కాదు. నిర్వహణ రుసుం వసూలు చేస్తుంది, నియమాలు రాస్తుంది, జరిమానా వేస్తుంది, గేటు దగ్గర ఎవరిని ఆపాలో నిర్ణయిస్తుంది. ఇంత అధికారమున్న సంస్థపై నిఘా ఎవరిది? ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం యజమానుల సంఘాన్ని గుర్తించింది. 2016 నాటి రెరా చట్టం ప్రధానంగా బిల్డరును అదుపు చేస్తుంది. సంఘం ఏర్పాటుకు తోడ్పడాలని, ఉమ్మడి స్థలాలను సంఘానికి అప్పగించాలని, అయిదేళ్ల వరకు నిర్మాణ లోపాలు సరిచేయాలని అది బిల్డరును ఆదేశిస్తుంది. బిల్డరు వెళ్లిపోయాక సంఘమే యజమానిని, అద్దెదారును వేధిస్తే? సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైన సంఘంలో తగాదా వస్తే సభ్యుడు మధ్యవర్తిత్వానికో జిల్లా కోర్టుకో వెళ్లాలి. అద్దెదారు సభ్యుడే కాడు. నెల జీతంతో బతికేవాడు ఒక్క నోటీసు కోసం ఏళ్ల తరబడి వ్యాజ్యం నడపలేడు.

కులం పేరుతో ఎవరూ నిరాకరించరు, నిరాకరిస్తే చట్టముందిగా అని వాదించేవారున్నారు. ఉంది. అంటరానితనం కారణంగా నివాసాన్ని పొందకుండా అడ్డుకోవడం 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం కింద నేరమే. కానీ రాతపూర్వకంగా ఎవరూ చెప్పని కారణాన్ని కోర్టులో నిరూపించేదెలా? పైగా 2005లో జొరాస్ట్రియన్ సహకార గృహ సంఘం కేసులో, సభ్యత్వాన్ని ఒక సమాజానికే పరిమితం చేసే నిబంధనను సుప్రీంకోర్టు సంఘం పెట్టుకునే స్వేచ్ఛ పేరుతో ఆమోదించింది. ఆ సంఘం అహ్మదాబాద్‌లోది. 1917లో అదే గుజరాత్ ప్రాంతంలోని బరోడాలో, విదేశాల్లో చదివి వచ్చిన అంబేద్కర్‌ను కులం తెలిశాక వసతిగృహం నుంచి వెళ్లగొట్టారు. తప్పు ఏ ఒక్క మతానిదో కాదు. తలుపును సంఘం ఇష్టానికి వదిలేస్తే ఎవరు బయట మిగులుతారో ఈ దేశ చరిత్రే చెబుతుంది.

కెనడాలోని అంటారియో రాష్ట్రం 2017లో కండోమినియం అథారిటీని ఏర్పాటు చేసింది. కమిటీ సభ్యులకు శిక్షణ తప్పనిసరి. రికార్డులు, పార్కింగ్ వంటి తగాదాలను దానికి అనుబంధమైన ట్రిబ్యునల్ ఆన్‌లైన్‌లోనే తేలుస్తుంది. మహారాష్ట్రలో గృహ సహకార సంఘం సభ్యత్వం నిరాకరిస్తే రిజిస్ట్రారుకు అప్పీలు చేసుకోవచ్చు.

తెలంగాణకూ అలాంటి వ్యవస్థ కావాలి. జిల్లా స్థాయిలో ఫిర్యాదుల అధికారి ఉండాలి. యజమానితో పాటు అద్దెదారుకు, పనిమనిషికి, వాచ్‌మన్‌కు కూడా అక్కడ ఫిర్యాదు చేసే హక్కుండాలి. కులం, మతం, ఆహారం ఆధారంగా వివక్ష చూపరాదన్న నిబంధన ప్రతి సంఘం బైలాలో ఉండాలి. నిరాకరణకు కారణాన్ని రాతపూర్వకంగా ఇవ్వాలి. లెక్కలూ, తీర్మానాలూ బహిరంగంగా ఉంచాలి. ఇది నిజాయితీగా పనిచేసే కమిటీలకూ రక్షణే. తోటి యజమానుల బకాయిల మధ్య, ఆరోపణల మధ్య వారూ నలుగుతున్నారు.

పాత ఊళ్లో వాడకు గోడ ఉండేది కాదు, అయినా అది ఎక్కడ మొదలవుతుందో అందరికీ తెలుసు. కొత్త కాలనీకి గోడ, గేటు, కెమెరా అన్నీ ఉన్నాయి. ఆ గేటు తెరిచే అధికారానికి రాజ్యాంగం ముందు జవాబు చెప్పే బాధ్యతను జోడించడం ప్రభుత్వం పని, అడగడం మన పని.