నెట్ రాలేదని ప్యానెల్‌కు దుప్పటి కప్పారు

"నెట్ వస్తలేదు సార్, ప్యానెల్ ఎట్ల పెడ్తం?" దామరచర్ల వైపు బడుల్లో ఈ మాట విని విని విసుగొచ్చింది. ఒక హైస్కూల్లో ఐఎఫ్‌పీకి, అంటే వేలితో తాకి నడిపే పెద్ద డిజిటల్ ప్యానెల్‌కు, దుమ్ము పడకుండా పాత దుప్పటి కప్పి ఉంచారు. అదే గదిలో కూర్చునే పదో తరగతి అమ్మాయిని అడిగితే, "రెండుసార్లు పెట్టిన్రు సార్" అంది. ఆ గదిలో కరెంటుంది. ప్యానెల్ పాడవలేదు. టీచరుకు సబ్జెక్టు మీద మంచి పట్టుంది. అడ్డుపడుతున్నది ఒకే ఒక్క నమ్మకం, ఇంటర్నెట్ లేనిదే డిజిటల్ పాఠం లేదని. వీర్లపాలెంలో 4000 మెగావాట్ల థర్మల్ కేంద్రం కట్టిన మండలంలో, పిల్లల ముందున్న తెర నల్లగా ఉండిపోవడానికి ఇదా కారణం?

ఈ నమ్మకం టీచర్ల సోమరితనం వల్ల పుట్టలేదు. శిక్షణల్లో చూపించేదంతా నెట్ పెట్టుకునే చూపిస్తారు. వాట్సాప్ గ్రూపుల్లో వచ్చేవన్నీ యూట్యూబ్ లింకులే. అందుకే డిజిటల్ పాఠమంటే యూట్యూబ్ వీడియో అన్న అర్థం స్థిరపడింది. తండా బడిలో లింకు నొక్కితే తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది, నలభై మంది పిల్లలు గోల మొదలుపెడతారు. ఇంటి దగ్గర ఫోన్లో సేవ్ చేసుకొచ్చినా అది ఆ ఫోన్లోని యూట్యూబ్ యాప్‌లోనే ఆడుతుంది తప్ప పెన్‌డ్రైవ్‌లోకి రాదు. రెండుసార్లు ఇలా భంగపడ్డ టీచరు మూడోసారి ప్యానెల్ జోలికి పోరు. పోకపోవడం సహజమే. అయితే తప్పు ప్యానెల్‌ది కాదు, ఎంచుకున్న సరుకుది.

నెట్ కావలసింది ఒక్కసారి, అదీ తరగతి గదిలో కాదు. ఇక్కడి టీచర్లలో చాలామంది మిర్యాలగూడ నుంచి వచ్చిపోయేవారే. ఇంట్లో నెట్ ఉంటుంది. ఆదివారం గంటసేపు కూర్చుంటే నెల రోజుల పాఠాలకు సరిపడా సామగ్రి పెన్‌డ్రైవ్‌లోకి చేరుతుంది.

ఫెట్ సంగతే చూడండి. భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది. సైన్సు, గణితం ప్రయోగాలను తెర మీద చేసి చూపించే నమూనాలు ఇందులో దొరుకుతాయి, రూపాయి కట్టక్కర్లేదు. తెలుగులోకి వచ్చినవీ ఉన్నాయి. అసలు గమనించాల్సింది ఏమిటంటే, కొత్త నమూనాల్లో ఒక్కొక్కటీ ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైలు. డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే ఏ బ్రౌజర్‌లోనైనా నెట్ లేకుండా తెరుచుకుంటుంది. పదో తరగతి ఓమ్ నియమం పాఠానికి ఇందులో ఒక నమూనా ఉంది. నిరోధాన్ని పెంచుతుంటే సూత్రంలోని విద్యుత్ ప్రవాహపు అక్షరం కళ్లముందే చిన్నదైపోతుంది. విలోమానుపాతం అన్న మాట పది సార్లు చెప్పినా ఎక్కని పిల్లవాడికి ఆ అక్షరం కుంచించుకుపోవడం చూస్తే ఎక్కుతుంది. వలయాలు కలిపే నమూనాలో తీగలు తప్పుగా కలిపి షార్ట్ చేస్తే బ్యాటరీ మీద మంట లేస్తుంది. ల్యాబులో ఉన్న ఒకే ఒక్క అమ్మీటరు చుట్టూ నలభై మంది మూగే బడిలో ఇది ఎంత పెద్ద సాయమో సైన్సు టీచరుకు వేరే చెప్పాలా? ప్రయోగం చేయించడం మాత్రం మానకండి. ముందు తెర మీద చూపించి, తర్వాత తీగలు పిల్లల చేతికివ్వండి.

సాంఘికశాస్త్రం టీచర్లు తమకేమీ లేదనుకుంటారు. కానీ వారికి 2003 డిసెంబర్‌లో మొదలైన తెలుగు వికీపీడియా ఉంది. కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి దింపుకుని నెట్ లేకుండా చదివించవచ్చు. వాడపల్లి దగ్గర మూసీ కృష్ణలో కలుస్తుందని మన పిల్లలకు తెలుసు, కళ్లతో చూసినవారే. ఆ రెండు నదులు ఎక్కడ పుట్టి ఇక్కడిదాకా ఎట్లా వచ్చాయో వాళ్లచేతనే వెతికించండి. ప్రాథమిక తరగతులకు ప్రథమ్ బుక్స్‌వారి స్టోరీవీవర్ ఉంది. 2015 నుంచి నడుస్తున్న ఈ వేదిక మీద తెలుగు బొమ్మల కథలు దొరుకుతాయి. వాటిని దింపుకోవడానికి, అచ్చు వేసుకోవడానికి, మార్చి రాసుకోవడానికి కూడా అనుమతి ముందే ఇచ్చారు. రాసినవారి పేరు, లైసెన్సు వివరం ఉంచితే చాలు. 2017లో వచ్చిన దీక్ష యాప్‌లోనూ మన పాఠ్యపుస్తకాల క్యూఆర్ కోడ్‌కు అనుసంధానమైన పాఠాన్ని ముందుగా డౌన్‌లోడ్ చేసిపెట్టుకునే వీలుంది.

అసలు తెర మీద పాఠం ఇంటర్నెట్ కంటే ముందే మన పల్లెలకు వచ్చింది. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ‘సైట్’ అనే ప్రయోగంలో ఆరు రాష్ట్రాల్లోని 2400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా టీవీ కార్యక్రమాలు అందాయి. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెలూ అందులో ఉన్నాయి, పిల్లలు తెలుగులో చూశారు. కరోనా కాలంలో 2020 సెప్టెంబర్ 1న మొదలై, మూడో తరగతి నుంచి పదో తరగతి దాకా పాఠాలు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానెళ్లలో వచ్చాయి. అప్పుడు టీవీ ముందు కూర్చున్న పిల్లలకు ఇంటర్నెట్‌తో పనిపడలేదు. ఆ టీవీ పాఠాలు చూసిన టీచర్లే ఇప్పుడు నెట్ లేదని ప్యానెల్ మూసేస్తే నాకు బాధగా ఉంటుంది.

మిగతా అపోహలకు ఒక్కో మాట చాలు. కంప్యూటర్ కోర్సు చేసినవాళ్లకే ఇవి వస్తాయన్నది అబద్ధం, వాట్సాప్‌లో ఫోటో పంపగలిగినవారికి ఫైలు కాపీ చేయడం వస్తుంది. అన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయన్నది పాతమాట. డబ్బు కట్టిన యాప్‌లోనే నాణ్యత ఉంటుందన్నది అమ్మేవారు చెప్పే మాట. పాఠంలో వాడితే కాపీరైటు కేసవుతుందని భయపడక్కర్లేదు, బోధనలో భాగమైన వాడకానికి 1957 చట్టంలోని 52వ సెక్షన్ మినహాయింపు ఇచ్చింది. అయితే అది బయట అమ్ముకోవడానికి లైసెన్సు కాదు.

ఒక్క అనుమానాన్ని మాత్రం కొట్టిపారేయలేను. "ఉచితమంటే ఏదో మతలబు ఉంటది" అనే తల్లిదండ్రులకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. కరోనా కాలంలో 49 దేశాల ప్రభుత్వాలు సిఫారసు చేసిన 163 విద్యా యాప్‌లను, వెబ్‌సైట్లను హ్యూమన్ రైట్స్ వాచ్ పరిశీలించింది. వాటిలో 89 శాతం పిల్లల సమాచారం విషయంలో వారి హక్కులకు ముప్పు తెచ్చేలా ఉన్నాయని 2022లో ప్రకటించింది. మన దీక్ష మీద కూడా అందులో విమర్శ ఉంది. ఉచితంగా ఇచ్చింది ఉన్నట్టుండి ఆగిపోవచ్చు కూడా. ఎడ్మోడో 2022లో మూతపడింది, గూగుల్ జామ్‌బోర్డ్ 2024 చివర ఆగిపోయింది. వాటి మీదే ఆధారపడినవారు మళ్లీ మొదటికొచ్చారు. కాబట్టి పిల్లల పేరు, ఫోన్ నంబరు, ఫోటో అడిగే సాధనాన్ని తరగతిలోకి రానివ్వకండి. నేను పైన చెప్పిన ఫెట్ ఫైలుకు లాగిన్ అక్కర్లేదు. కివిక్స్‌కూ అంతే. ఒకసారి మీ పెన్‌డ్రైవ్‌లోకి వచ్చాక వాటిని ఎవరూ వెనక్కి తీసుకోలేరు.

ఇంకొక జాగ్రత్త. "ఉచిత డిజిటల్ కంటెంట్" అంటూ గ్రూపుల్లో ఏపీకే ఫైలు వస్తే నొక్కకండి. అలాంటి ఫైళ్లతో ఫోన్లోకి దూరి బ్యాంకు ఖాతాలు ఖాళీ చేసిన మోసాలు మన రాష్ట్రంలో జరిగాయి. యాప్ కావాలంటే ప్లే స్టోర్‌కు వెళ్లండి, ఫైలు కావాలంటే ఆ సంస్థ సొంత సైట్‌కే వెళ్లండి. తోటి టీచరు పంపాడు కదా అన్న నమ్మకం ఇక్కడ పనికిరాదు, ఆయనకు ఇంకెవరో పంపి ఉంటారు.

ఇక పని మొదలుపెట్టండి. 32 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి కొనండి, హెచ్‌ఎంను అడిగితే స్కూలు గ్రాంటు నుంచి ఇప్పించవచ్చు. తరగతికో ఫోల్డరు, లోపల పాఠానికో ఫోల్డరు పెట్టండి. ఇంట్లోనే నెట్ ఆపేసి ఒక్కో ఫైలు తెరిచి చూడండి, అక్కడ తెరుచుకోనిది బడిలోనూ తెరుచుకోదు. పిల్లలు రాకముందు ప్యానెల్‌కు పెట్టి ఇంకోసారి సరిచూడండి. ఒక పీరియడ్‌లో పది నిమిషాలకు మించి తెర వద్దు, మిగతా సమయం మీ మాట, నల్లబల్ల, పిల్లల ప్రశ్నలు. స్కూల్ కాంప్లెక్స్ సమావేశానికి ఆ పెన్‌డ్రైవ్ తీసుకెళ్లండి, అడిగినవారికి అక్కడే కాపీ చేసివ్వండి. బదిలీ అయినప్పుడు మాత్రం దాన్ని జేబులో వేసుకుని పోకండి. లోపల ఏ పాఠానికి ఏముందో ఒక కాగితం మీద రాసి, రెండూ కలిపి బీరువాలో పెట్టి, తాళంచెవి మీ తర్వాత వచ్చేవారి చేతికివ్వండి.