తూకం చెప్పని బరువు

నగరంలో నాలుగేళ్ళు ఉండి సొంతవూరికి వెళ్ళినవారిని చూసి, “కాస్త ఒళ్ళు చేశావు, పట్నం నీళ్ళు వంటబట్టినట్టున్నాయి” అని బంధువులు సంతోషిస్తారు. పస్తులు ఎరిగిన తరాలకు ఒళ్ళు చేయడం కలిమికి గుర్తు. ఆ మాటలోని ఆప్యాయతను తప్పుపట్టనవసరం లేదు. అయితే పెరిగిన ఆ ఒళ్ళు శరీరంలో ఎక్కడ చేరిందన్నదే వైద్యులకు నేడు ముఖ్యమైన ప్రశ్న.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15 నుండి 49 ఏళ్ళ మహిళలలో అధిక బరువు లేదా స్థూలకాయం గలవారు 2005-06లో నూటికి 12.6 మంది; 2019-21 నాటికి 24 మంది. పురుషులలో ఈ సంఖ్య 9.3 నుండి 22.9కి పెరిగింది. మహిళలలో గ్రామాల సగటు 19.7 కాగా పట్టణాల సగటు 33.2. తమిళనాడు మహిళలలో ఇది 40.4, ఆంధ్రప్రదేశ్‌లో 36.3, తెలంగాణలో 30.1. కాబట్టి నెపాన్ని చెన్నపట్నం నీళ్ళ మీదికి నెట్టి తప్పించుకోలేము.

ఈ లెక్కలన్నీ ఎత్తునుబట్టి బరువును అంచనా కట్టే సూచికపై ఆధారపడినవి. కిలోలలోని బరువును, మీటర్లలోని ఎత్తు వర్గంతో భాగిస్తే ఆ సూచిక వస్తుంది. 25 గాని అంతకు మించి గాని ఉంటే అధిక బరువు. కాని ఆ సర్వేలోనే నడుము, తుంటి చుట్టుకొలతలు కూడా తీసుకున్నారు. వాటి నిష్పత్తినిబట్టి చూస్తే ప్రమాదపు హద్దు దాటిన మహిళలు నూటికి 56.7, పురుషులు 47.7. అనగా తూకం వదిలిపెట్టినవారిని కూడా టేపు పట్టుకున్నది.

దీనికి ఒక ప్రసిద్ధమైన ఉదాహరణ ఉంది. పుణె వైద్యులు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యులు జాన్ యుడ్కిన్ 2004లో తమ శరీరాలనే పోల్చి చూపారు. ఇద్దరి సూచికా 22.3. శరీరంలోని కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. మన దేశీయులలో కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. ఆ కొవ్వు కూడా పొట్టలో, అవయవాల చుట్టూ చేరే స్వభావం ఎక్కువ. ఈ కారణంగానే భారతీయుల విషయంలో సూచిక 23 దాటగానే జాగ్రత్తపడాలని వైద్యులు చెబుతారు.

పొట్టలోని కొవ్వు నిల్వ సరుకులా ఊరక పడి ఉండదు. అందులోనుండి విడుదలయ్యే కొవ్వు ఆమ్లాలు కాలేయాన్ని చేరుతాయి. క్రమంగా ఇన్సులిన్ మాట శరీరం వినదు. రక్తంలో చక్కెర పెరుగుతుంది, కాలేయానికి కొవ్వు పడుతుంది, రక్తపోటు హెచ్చుతుంది. ఇవేవీ తొలినాళ్ళలో నొప్పి కలిగించవు. మోకాళ్ళ నొప్పి, నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే గురక వంటివి మాత్రమే బయటికి తెలుస్తాయి. గురకను మన ఇళ్ళలో గాఢనిద్రగా భావించి నవ్వుకుంటారు. అది వైద్యునికి చెప్పవలసిన సంగతి.

నడుము కొలత ఇంట్లోనే తీసుకోవచ్చు. చివరి పక్కటెముకకు, తుంటి ఎముక పైఅంచుకు నడుమ టేపు చుట్టి, ఊపిరి మామూలుగా వదిలిన తరువాత చూడాలి. పురుషులకు 90 సెంటీమీటర్లు, మహిళలకు 80 సెంటీమీటర్లు హద్దు. ప్యాంటు నంబరును నమ్ముకోవద్దు. పొట్ట పెరిగినకొద్దీ ప్యాంటు కిందికి జారుతుందే గాని నంబరు మారదు.

ఆహారం సంగతి. పోషకాహార లోపంపై పరిశోధనకు 1918లో కూనూరులో మొదలై, 1958లో హైదరాబాదుకు తరలిన జాతీయ పోషకాహార సంస్థ, నేడు అతిపోషణ గురించీ హెచ్చరించవలసి వస్తున్నది. రోజువారీ శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించరాదని 2024లో ఆ సంస్థ సూచించింది. ఉదయం ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, రాత్రి మళ్ళీ అన్నమో దోసెలో తినే మనకు అది కష్టమైన లెక్కే. బియ్యానికి బదులు రాగిసంగటి తిన్నా ముద్ద పరిమాణం తగ్గకపోతే ప్రయోజనం స్వల్పం. తగ్గిన అన్నం చోటును పప్పు, కూర, పెరుగు తీసుకోవాలి.

బరువు తగ్గడం లేదని నిరాశపడి నడక మానేసేవారు ఎందరో. వారు చెన్నైలో జరిగిన ఒక పరిశోధనను తెలుసుకోవాలి. మధుమేహపు అంచున ఉన్న 531 మందిపై జరిపిన ఆ అధ్యయన ఫలితాలు 2006లో వెలువడ్డాయి. ఆహార నియమం, రోజూ అరగంట వడినడక పాటించినవారిలో మధుమేహం వచ్చే ప్రమాదం 28.5 శాతం తగ్గింది. చెప్పుకోదగినంత బరువు మాత్రం వారు తగ్గలేదు.

30 ఏళ్ళు దాటినవారు పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తపోటు, చక్కెర పరీక్షలు ఉచితంగా చేయించుకోవచ్చు. ఇంట్లో బక్కగా ఉండి పొట్ట మాత్రం పెరిగినవారుంటే వారినీ వెంట తీసుకువెళ్ళండి. ఫలితాల చీటీలను, మందుల పేర్లను ఒకచోట భద్రపరచండి. పండుగలకు ఊరికి వెళ్ళేటప్పుడు సరిపడా మందులు ముందే తీసుకోండి. అక్కడి వైద్యుని వద్దకు వెళ్ళవలసి వస్తే ఆ చీటీలే చూపవచ్చు.