ఊరు కదల్లేదు, జిల్లా మారింది!

2022 ఏప్రిల్ 4న చిత్తూరు, నెల్లూరు జిల్లాల నుంచి కొన్ని మండలాలను వేరుచేసి తిరుపతి జిల్లాను ఏర్పాటు చేశారు. మన పొరుగున ఉన్న పుత్తూరు, నారాయణవనం, నాగలాపురం అందులో చేరాయి. నగరి మాత్రం అప్పుడు చిత్తూరు జిల్లాలోనే ఉండిపోయింది.

అంతకు ముందే మనం పుత్తూరు మండలంలోని ప్రతి ఊరి గురించీ ఒక పుట రాసి వెబ్‌సైటులో పెట్టామనుకోండి. ప్రతి పుటలోనూ "చిత్తూరు జిల్లా" అని రాశాం. ఇప్పుడు అన్నిటినీ దిద్దాలి. ఒక్కటి మరచిపోయినా, ఒకే మండలంలోని ఊళ్లు రెండు జిల్లాల్లో ఉన్నట్లు కనిపిస్తాయి! చదివేవారు దేన్ని నమ్మాలి?

ఈ చిక్కు రాకుండా ఉండాలంటే సమాచారాన్ని పట్టికలుగా విడదీసి దాచాలి. 1970లో ఐబీఎం సంస్థలో పనిచేసే ఎడ్గర్ కాడ్ అనే శాస్త్రజ్ఞుడు ఈ పద్ధతిని ప్రతిపాదించాడు. 1981లో ఆయనకు ట్యూరింగ్ బహుమతి లభించింది.

దీనిలోని కిటుకు మీకు తెలియనిదేమీ కాదు. మీ పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ బడిలో అడ్మిషన్ రిజిస్టరులో ఒక్కసారే రాస్తాం. ఇతర రిజిస్టర్లలో అవన్నీ మళ్లీ రాయనక్కరలేదు. అడ్మిషన్ నంబరు వేస్తే చాలు, మిగతా వివరాలు ఎక్కడున్నాయో తెలిసిపోతుంది.

ఇప్పుడు మనమూ మూడు పట్టికలు గీద్దాం.

జిల్లాల పట్టిక: 1 – చిత్తూరు, 2 – తిరుపతి.
మండలాల పట్టిక: 11 – నగరి – జిల్లా 1, 12 – పుత్తూరు – జిల్లా 1.
పుటల పట్టిక: పుట నంబరు – ఊరి పేరు – మండలం నంబరు – ఊరి వివరాలు.

ఎవరైనా ఒక ఊరి పుట తెరిచినప్పుడు కంప్యూటరు ఈ నంబర్ల వెంట నడిచి, మూడు పట్టికలనూ కలిపి చూపుతుంది. జిల్లా మారిన రోజున మనం చేయవలసిందల్లా పుత్తూరు వరుసలో 1 కొట్టివేసి 2 వేయడమే. ఆ మండలంలోని ఊళ్లన్నిటి పుటలూ తమంతట తామే "తిరుపతి జిల్లా" అని చూపుతాయి!

పేరు ఉండగా నంబరు ఎందుకంటారా? కర్ణాటకలోని దక్షిణ కన్నడ జిల్లాలోనూ ఒక పుత్తూరు ఉంది. పేర్లు కలవవచ్చు, నంబర్లు కలవకూడదు.

2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా కూడా ఇలాగే పట్టికల మీద నడుస్తుంది. వ్యాసాల పేర్లు ఒక పట్టికలో ఉంటాయి. ప్రతి మార్పునూ ఎవరు, ఎప్పుడు చేశారన్నది మరొక పట్టికలో చేరుతుంది. వ్యాసం పాఠాన్ని వేరుగా దాస్తారు. కొత్త పాఠం వచ్చినంత మాత్రాన పాతది చెరిగిపోదు. అందుకే ఎవరైనా తప్పు రాసినా, పాత పాఠాన్ని తిరిగి తేవచ్చు.

ఒక విషయాన్ని ఒకే చోట రాయాలి, మిగతా చోట్ల దాని నంబరు వేయాలి. సూత్రం ఇంతే.

ఇక మీ వంతు. మీ బడి గ్రంథాలయానికి పుస్తకాల పట్టిక, విద్యార్థుల పట్టిక గీయండి. ఒక విద్యార్థి అనేక పుస్తకాలు తీసుకుంటాడు. ఒక పుస్తకం అనేకమంది చేతులు మారుతుంది. మరి ఎవరు ఏ పుస్తకం, ఎప్పుడు తీసుకున్నారన్నది ఏ పట్టికలో రాస్తారు? ఆ రెండింటిలో దేనిలోనూ ఇమడదు కదూ! మూడో పట్టికలో ఏ గడులుండాలో ఆలోచించి, మీరే గీసి చూడండి.